పన్నెండేళ్ల నింద

పొద్దున్నే కృష్ణానగర్ సందులో ఆటోల రొద మొదలైంది. మంజులత ఉప్మా గిన్నె దింపి, కూతురు హరిణి చేతిలో మాత్రలు పెట్టింది. హరిణి సినిమా పాటల్లో గ్రూప్ డాన్సర్. ఏడాది క్రితం ఫిల్మ్‌నగర్‌లో రిహార్సల్ చేస్తూ పడిపోయింది. గుండె కండరం మందమైందనీ, అది వంశంలో వచ్చే జబ్బనీ చెప్పి డాక్టర్లు డాన్సు మాన్పించారు.

ఆ జబ్బుమీద పనిచేస్తున్న పరిశోధనశాల వాళ్లు ఆమె రక్తం తీసుకున్నారు. ఆ రక్తంలోని కణాలను మూలకణాలుగా మార్చి, వాటి నుంచి గుండె కణాలు పెంచి చూస్తామన్నారు. మంజులతా, ఆమె అత్త నీలమ్మా కూడా పరీక్షకు రక్తమిచ్చారు. ఇవాళ ముగ్గురినీ రమ్మన్నారు.

"నేను రాను. నా కొడుకును ఏం మింగిందో నాకెర్కనే," అంది నీలమ్మ.

ఆ మాట ఎవరికి తగలాలో వాళ్లకే తగిలింది. మంజులత భర్త, లైట్‌మన్ యాదగిరి పన్నెండేళ్ల క్రితం, ముప్పై ఆరేళ్లకే షూటింగ్‌లో కుప్పకూలాడు. ఆ పొద్దున భార్యతో గొడవపడి, తినకుండా వెళ్లాడు. కోడలి మాటలకే కొడుకు గుండె ఆగిందని నీలమ్మ చుట్టాలందరికీ చెప్పింది. ఆడబిడ్డ మనోజ అప్పటి నుంచి ఆ గడప తొక్కలేదు. మంజులత కూడా లోలోపల అదే నిజమనుకుంటూ బతికింది.

ఇవాళ మాత్రం ఆగలేకపోయింది.

"పన్నెండేండ్లు పడ్డ అత్తమ్మా. ఆయన మీద కోపం చేసిన, నిజమే. మరి హరిణిని ఎవరేమన్నరని పడిపోయింది?"

నీలమ్మ మనవరాలి వైపు చూసింది. కాసేపటికి లేచి చెప్పులు వేసుకుంది.

పరిశోధనశాలలో డాక్టర్ చిన్మయి కంప్యూటర్ తెర చూపించింది. చిన్న చిన్న ముద్దలు ముడుచుకుంటూ, విప్పుకుంటూ కదులుతున్నాయి.

"ఇవి హరిణి కణాల నుంచి పెంచినవండీ. మధ్యలో తడబడుతున్నాయి చూడండి. ఏ మందుకు కుదుటపడతాయో వెతుకుతున్నాం. ఏళ్లు పట్టొచ్చు."

"వాటికి నొప్పి పుడ్తదా బిడ్డా?" నీలమ్మ అడిగింది.

"లేదమ్మా," అని చిన్మయి కాగితాలు తీసింది. "జన్యువులో లోపం మంజులతగారిలో లేదు. మీలో ఉంది. మీ నుంచి మీ అబ్బాయికి, ఆయన నుంచి హరిణికి వచ్చింది. కొందరిలో అది బయటపడదు."

"గొడవపడితే వస్తదా మేడమ్?" మంజులత అడిగింది.

"మాటలతో వచ్చే జబ్బు కాదండీ. ఆయనకు పుట్టుకతోనే ఉంది."

బయట బెంచీమీద నీలమ్మ కూలబడింది. "మా అన్న గూడ ఇరవై ఏండ్లకే గిట్లనే పడ్డడు. పాము కుట్టిందన్నరు. రోగం నా రక్తంల పెట్టుకొని నిన్ను అంటి మంజులా."

ఒక్క క్షణం, ఇన్నేళ్ల మాటలన్నీ తిరిగి అనేయాలనిపించింది మంజులతకు. కానీ అనలేదు. పక్కన కూర్చుని ముసలామె చేతులు పట్టుకుంది.

"నువ్వేమన్న ఎర్కుండి ఇచ్చినవా అత్తమ్మా?"

నీలమ్మ కొంగుతో ముఖం తుడుచుకుని, మనవరాలి వైపు తిరిగింది. "మీ మనోజ అత్తకు ఫోన్ కలుపు. దానికీ, దాని పిల్లలకూ రక్తపరీక్ష చేయించాలె. మీ అమ్మ మీద నేను మోపిందంత తప్పని గూడ నా నోటితోనే చెప్పాలె."

చెప్పింది. తడుముకుంటూ, ఏడుస్తూ, ఏదీ దాచకుండా చెప్పింది. తర్వాత ఫోన్ కోడలి చేతిలో పెట్టింది.

 అవతలి నుంచి మనోజ గొంతు వినిపించింది.

"వదినె..."

మంజులత పలకబోయింది. పన్నెండేళ్లుగా రాని ఏడుపు ముందొచ్చింది.