మనకి నప్పే బండి

శనివారం పొద్దున్నే గణేష్‌బాబు ఇంటి ముందు నుంచి వెళ్ళేవాళ్ళందరూ ఒక్క క్షణం ఆగి వసారాలోకి తొంగి చూసి మరీ వెళుతున్నారు. నీలం పట్టా కప్పిన బండి ముందు రోజు సాయంత్రమే రాజమండ్రి నుంచి వ్యాన్‌లో వచ్చి దిగింది. పట్టా కింద ముందు చక్రం, వెనక చక్రంతో తగువు పెట్టుకుని వేరు కాపురం పెట్టినట్టు అంత దూరాన ఉంది.

గణేష్‌బాబుది రావులపాలెంలో అరటి గెలల వ్యాపారం. పట్టా కింద ఉన్నది పెళ్ళైన కొత్తలో కొన్న బుల్లెట్. ఆర్నెల్ల కిందట గుండెపోటు వచ్చి, రాజమండ్రిలో స్టెంటు వేయించుకుని బయటపడ్డాక అతని బుర్రలో ఒక ఆలోచన పడింది. ఇన్నాళ్ళూ గెలలూ లారీలూ బేరాలే సరిపోయాయి, ఇకనైనా మనసుకి నచ్చింది ఒక్కటైనా చేసుకోవాలి అనుకున్నాడు. కుర్రతనంలో మనసు పడ్డ, సాగదీసినట్టు పొడుగ్గా ఉండే చాపర్ బండిగా ఆ బుల్లెట్‌ని మార్పించాలన్నది ఆ ఒక్కటి. ఎలాగూ డాక్టరు కొన్నాళ్ళు బండి ముట్టుకోవద్దన్నాడు. ఆ కొన్నాళ్ళలో పనైపోతుందని రాజమండ్రి మెకానిక్ ప్రసన్నకుమార్‌కి అప్పగించేశాడు.

ఏ రకం చాపర్ తనకి నప్పుతుందో తేల్చుకోవడానికే నెలలు పట్టింది. పెళ్ళి సంబంధానికైనా అంత వెతకరు. ఇంజనీరింగ్ చదువుతున్న కూతురు దేవిశ్రీ ఫోన్‌లో రకరకాల బొమ్మలు చూపించేది. ముందు చక్రపు ఫోర్కు బారెడు ముందుకు సాగిన బండి కావాలని అతను, నీ ఎత్తుకి అది అందదు నాన్నా, కిందికి కుదించినట్టుండే బాబర్ నప్పుతుందని ఆ పిల్ల. హ్యాండిల్ తల కంటే ఎత్తుండాలంటే, పోలీసులకి చేతులెత్తి లొంగిపోయినట్టుంటావని పడీపడీ నవ్వింది. మార్కెట్లో ముఠా కూలీలని అడిగాడు, టీ కొట్టు అప్పాయమ్మనీ అడిగాడు. చివరికి ప్రసన్నకుమార్ అతన్ని స్టూలు మీద కూర్చోబెట్టి, చొక్కా కుట్టేవాడిలా చేతులూ కాళ్ళూ కొలిచాడు. ఫోర్కు కాస్త పొడుగు, హ్యాండిల్ భుజాల ఎత్తు, కాళ్ళు ముందుకు చాపుకునే పెడళ్ళు, మెరూన్ రంగు ట్యాంకు. అలా ఖాయమైంది.

ఊరందరినీ అడిగినవాడు అడగనిది భార్య నాగదుర్గ ఒక్కదాన్నే. ఒకరోజు తండ్రీ కూతుళ్ళు ఫోన్ మీద పడి కొట్టుకుంటుంటే ఆవిడే మజ్జిగ గ్లాసు అందిస్తూ, "మనకి నప్పేది చూడండి, చాలు," అంది. అతను తలూపాడు. మార్కెట్లో మన సరుకు, మన లారీ అంటే నాది అనే అర్థం. ఆ అలవాటు చొప్పున ఆవిడ అన్న 'మన' కూడా అతని చెవికి అలాగే వినపడింది.

బండి వచ్చాక మొదటి శనివారం వాడపల్లి వెంకన్న గుడికి వెళ్ళాలని, ఏడు శనివారాల మొక్కుందని ఆవిడ ఎప్పటినుంచో చెబుతోంది. ఏం మొక్కుకున్నావని అతను అడగలేదు. ఆడవాళ్ళకి సవాలక్ష మొక్కులుంటాయనుకున్నాడు.

నాగదుర్గ తలంటుకుని, పసుపు పచ్చ చీర కట్టుకుని, కొబ్బరికాయ బుట్టతో వసారాలోకి వచ్చింది. గణేష్‌బాబు పట్టా లాగేశాడు. దేవిశ్రీ చప్పట్లు కొట్టింది. మెరూన్ ట్యాంకు మీద ఎండ పడి మెరిసిపోతోంది. నాగదుర్గ బండి చుట్టూ ఒకసారి తిరిగి, వెనక ఆగిపోయింది.

"నేనెక్కడ కూర్చోవాలండీ?"

ముందు ఒకే ఒక్క చిన్న సీటుంది. దాని వెనక నున్నటి మడ్‌గార్డు తప్ప ఏమీ లేదు. గణేష్‌బాబు నవ్వేసి, చాపర్‌కి ఒంటి సీటే అందమని, ఆటో మాట్లాడతానని, తను పక్కనే నడుపుకుంటూ వస్తానని చెప్పాడు. నాగదుర్గ వెనక చక్రం ఎడమ పక్కకి చూసింది. చీర పడకుండా ఉండే ఇనుప జాలీ అక్కడ లేదు.

"శారీ గార్డు కూడా తీయించేశారన్నమాట," అని బుట్ట పట్టుకుని లోపలికి వెళ్ళిపోయింది.

గణేష్‌బాబుకి ఒళ్ళు మండింది. మెచ్చుకోకపోతే పోనీ, ఈ ముఖం మాడ్చుకోవడం ఏంటనుకుంటూ బండి తీసి సెంటర్‌కి వెళ్ళాడు. అక్కడ జనం మూగారు, ఫోటోలు తీసుకున్నారు. "ఎవరి బండండీ?" అని ఎవరడిగినా, "మనదేనండి," అంటూ మీసం దువ్వాడు. తోటి వ్యాపారి సత్యప్రసాద్ బండంతా తడిమి చూసి, చెల్లెమ్మకి సీటేది బావా అన్నాడు. అందరూ నవ్వారు. గణేష్‌బాబు కూడా నవ్వేసి, బండి ఇంటివైపు తిప్పాడు.

ఇంటికొచ్చేసరికి కొబ్బరికాయ దేవుడి గూట్లో ఉంది. నాగదుర్గ మామూలు చీర కట్టుకుని వంకాయలు తరుగుతోంది. తప్పు తనదని గణేష్‌బాబుకి లోపల తెలుస్తూనే ఉంది. తెలిసినప్పుడే మగాడికి గొంతు లేస్తుంది.

"ఆటోలో వస్తే దేవుడు పొమ్మంటాడా? ఇంత చిన్నదానికి ఇంత రాద్ధాంతమా?" అన్నాడు.

నాగదుర్గ ఇంకో వంకాయ అందుకుంది. దేవిశ్రీ గదిలోంచి వచ్చింది. "రాద్ధాంతం అమ్మ చెయ్యట్లేదు నాన్నా. సింగిలా, డబులా అని ప్రసన్నకుమార్ గారు అడిగితే ఆలోచించకుండా సింగిలే అన్నావు. మరి అమ్మెక్కడ కూర్చుంటుందని నేనడిగితే, మీ అమ్మ ఆటో ఎక్కుతుందిలే అన్నావు. ఆ రోజే నేను గట్టిగా చెప్పాల్సింది."

కత్తిపీట ఆగింది. నాగదుర్గ తలెత్తకుండానే అంది. "ఆస్పత్రిలో మిమ్మల్ని లోపలికి తీసుకెళుతూ మీ వాచీ, బండి తాళం నా చేతిలో పెట్టారండి. మీరు బయటికొచ్చేదాకా ఆ తాళం పట్టుకునే కూర్చున్నాను. ఈయన మళ్ళీ బండి నడిపితే, ఈయన వెనకే కూర్చుని ఏడు శనివారాలు వస్తాను స్వామీ అని మొక్కుకున్నాను. ఆటోలో వస్తాననలేదు."

గణేష్‌బాబు ఆవిడ దగ్గరికి వచ్చాడు. "నాకు ముందే చెప్పొచ్చు కదా దుర్గా," అన్నాడు, మెల్లగా.

"చెప్పానుగా. మనకి నప్పేది చూడండి అన్నాను."

ఆ మధ్యాహ్నం అతను అన్నం సగంలోనే వదిలేశాడు. లేచి రాజమండ్రి వైపు బండి తీశాడు. గోదావరి వంతెన మీద ఎదురుగాలి కొడుతోంది. ఇన్నేళ్ళలో ఆ వంతెన మీద గాలి కొట్టినప్పుడల్లా వెనక నుంచి "మెల్లగా అండీ" అనే మాట వినపడేది. ఇప్పుడు వీపు వెనక ఏమీ లేదు. పెళ్ళైన కొత్తలో ఆత్రేయపురం వెళుతుంటే ఆవిడ కొంగు చక్రంలో పడి, మనిషి రోడ్డు మీద పడింది. మోచేయి చీరుకుపోయింది. ఆ సాయంత్రమే పరుగెత్తి శారీ గార్డు వేయించినవాడు తనే. అప్పటి మనిషి ఏమైపోయాడా అని అతనికి తన మీద తనకే అసహ్యం వేసింది. చావు అంచు దాకా వెళ్ళొచ్చి, మిగిలిన బతుకులో తనకి నచ్చిందేంటో వెతుక్కున్నాడు. తాళం పట్టుకుని కూర్చున్న మనిషికి అందులో కూర్చునే చోటు లేకుండా చేశాడు.

వెనక సీటు, శారీ గార్డు మళ్ళీ పెట్టమంటే ప్రసన్నకుమార్ తల గోక్కున్నాడు. "ఆయ్, సీటంటే వెనక ఫ్రేము అతికించి పెట్టేయచ్చండి. చాపర్‌కి శారీ గార్డేంటండి బాబూ? చూసినోళ్ళు నవ్వుతారండి."

"నవ్వనీ. పాతదేది?"

కొత్తది వేస్తానన్నా వినకుండా గణేష్‌బాబు షెడ్డు వెనక పాత ఇనుము కుప్పలో దిగాడు. తెల్ల చొక్కా నల్లబడేదాకా వెతికాడు. చివరికి ఒక కమ్మీ వంగిపోయి, తుప్పు పట్టిన ఆ పాత జాలీ దొరికింది. దాన్ని కండువాతో తుడుస్తుంటే కళ్ళు మసకబారాయి.

తర్వాతి శనివారం పొద్దున వసారాలో పట్టా లేదు. మెరూన్ రంగు చాపర్‌కి వెనక వెడల్పాటి సీటు, ఎడమ పక్కన వంకర జాలీ. ఎవరు చూసినా నవ్వొచ్చేలాగే ఉంది. దేవిశ్రీ నోరు మూసుకుని నవ్వు ఆపుకుంది. నాగదుర్గ మాత్రం నవ్వలేదు. పసుపు పచ్చ చీర కుచ్చిళ్ళు సర్దుకుని ఒక పక్కకి కూర్చుంది. పాత సీటుకి పట్టుకునే పట్టీ ఉండేది, దీనికి లేదు. ఒక్క క్షణం తటపటాయించి అతని భుజం మీద చెయ్యేసింది. గట్టు రోడ్డు పొడుగునా అతను నెమ్మదిగానే నడిపాడు.

వాడపల్లిలో బండ్లు నిలిపే చోట చీటీ ఇచ్చే పెద్దాయన కళ్ళజోడు సర్దుకుని చూశాడు. "ఇదేం బండండీ? ఎవరిది?"

'మనదేనండి' అనే మాట అలవాటుగా నాలుక చివరిదాకా వచ్చింది. గణేష్‌బాబు దాన్ని మింగేశాడు. "మా ఇద్దరిదీ అండి," అన్నాడు.

నాగదుర్గ దిగబోయి ఆగింది. జాలీకి వంగిన కమ్మీలో చీర అంచు చిక్కుకుంది. గణేష్‌బాబు మోకాళ్ళ మీద కూర్చుని, పోగు తెగకుండా దాన్ని విడిపించాడు. విడిపించాక కూడా లేవలేదు. తల ఎత్తకుండానే, "తప్పైపోయింది దుర్గా," అన్నాడు.

జుట్టు మీద వేడిగా ఒక చుక్క పడింది.

"లేవండి, అందరూ చూస్తున్నారు," అంది ఆవిడ. లేవడానికి చెయ్యి అందించింది.