ఉపవాసమని పేరు పెట్టిన ఆకలి

తెల్లవారి ఎనిమిది గంటలకల్లా పుంగనూరులోని ఆ పెంకుటింట రాగి సంగటి కమ్మగా గుబాళించింది. మణెమ్మ తడిచేత్తో ముద్దలు చుట్టి, పక్కన ఊరుబిండి పచ్చడి వేసి, రెండు కంచాలు పెట్టింది. ఎనిమిది నెలలుగా ఆమె రెండు కంచాలు పెడుతూనే ఉంది. రెండవది ఎవరూ ముట్టకుండానే లేచిపోతూ ఉంది.

“హన్నా నాయనా! సంగటి ఆరిపోతాండాది, రా” అని కూతురి పేరుతో భర్తను పిలిచింది.

“ఈ పొద్దు ఉపాసం మణెమ్మా.”

“మరి నిన్న?”

“నిన్నా ఉపాసమే.”

“దేవుడే ఆరుదినాలు పని సేసి ఒకనాడు విశ్రాంతి తీసుకున్న్యాడంట. నీ కడుపుకు మాత్రం వారమంతా విశ్రాంతేనా?”

దయానందం నవ్వాడు. ఆ నవ్వు పెదవుల మీద పుట్టి అక్కడే ఆరిపోయింది.

ఆయన మిషన్ బడిలో ముప్పై ఏండ్లు తెలుగు చెప్పి విశ్రాంతి పుచ్చుకున్న పండితుడు, క్రైస్తవ సంఘంలో పెద్ద. పద్యం ఎత్తుకుంటే చివరి బెంచీ పిల్లవాడికి సైతం ఒళ్ళు పులకరించేది. అటువంటి గొంతుకు దిగువన, రొమ్ముటెముక వెనుక, ఎవరో తలుపు వేసి గడియ పెట్టినట్టుగా ఉంది. సంగటిని ఆ సీమలో నమలరు, మింగుతారు. నమిలేవాడికి సంగటి తినడం రాదని పిల్లలు కూడా నవ్వుతారు. ఒకనాడు మింగిన ముద్ద సగం దారిలో నిలిచిపోయింది. మరికొన్నాళ్ళకు అన్నం నిలిచింది. ఇప్పుడు గంజి సైతం బతిమాలితే గాని దిగడం లేదు.

మొదట్లో ఆయన అబద్ధమాడలేదు. చిక్కిన మేను చూసి జయరత్నం అనే సంఘస్థుడు, “అయ్యవారు ఉపాస ప్రార్థనలో ఉండారు, మనకు ఆ భాగ్యం యాడిది!” అన్నాడు. ఈయన కాదనలేదు, అంతే. ఆ మౌనం వారంలో సంఘమంతా పాకి, నెలలో మహిమయై కూర్చుంది. అప్పటినుండి ఆయన పిల్లలు లేని వేళ మిషన్ బడిగదిలో గోడకు ఆనుకొని నిలబడి, ఒక్కొక్క గుటకకూ రెండు చేతులూ పైకెత్తి, ఆపై రొమ్ము ఒత్తుకుంటూ, తానే కాచుకున్న గంజి తాగేవాడు. నల్లబల్ల తప్ప ఆయన భోజనానికి తోడు లేదు. దిగనిది గోడవతల కక్కేవాడు.

రోగం పేరు తెలియకపోయినా కారణం తనకు తెలుసునని ఆయన నమ్మకం. ఆ కారణం ఆయన తల్లి కుప్పమ్మ.

కుప్పం దగ్గర గుడుపల్లెలో పసుల మంద కాచుకుని బతికిన మనిషి ఆమె. కొడుకు క్రీస్తు మతం పుచ్చుకున్నా తాను పుచ్చుకోలేదు. పన్నెండేండ్ల కిందట, ప్రాణం పోయే ముందు, “నాయనా, రోంత తొలిసి తీర్థం నోట్లో పొయ్యి” అని తులసి నీళ్ళకోసం అడిగింది. ఆ ఏడే ఆయన సంఘపెద్ద అయ్యాడు. “ప్రార్థన చేస్తానమ్మా” అన్నాడు. ఆమె పెదవులు బిగించి మొగం తిప్పుకుంది. నిలువలేక ఆయన దొడ్లోకి పోయి పసుల మధ్య నిలబడ్డాడు. తిరిగి వచ్చేసరికి ఆమె లేదు. కన్నతల్లి గొంతు తడపని కొడుకుకు దేవుడు గొంతే మూసినాడని, ఆ తీర్పును మందుతో దాటరాదని, ఆయన తనలో తానే తీర్మానించుకున్నాడు.

నెల మొదటి ఆదివారం వచ్చింది. ప్రభువు బల్ల దగ్గర, క్రీస్తు శరీరానికి గుర్తుగా రొట్టె పంచవలసిన పెద్ద తానే. గోరంత తుంపు నోట వేసుకున్నాడు. అపాత్రుడై దీన్ని తిన్నవాడు తీర్పునే తింటాడని తాను ఎన్నిసార్లు బోధించలేదు! ఆ తుంపు లోన నిలిచింది. వెనుకనే తెల్లవారి తాగిన గంజి ఎగదన్నింది. ఉత్తరీయం నోట కుక్కుకున్నా దగ్గు ఆగలేదు. సంఘమంతా చూస్తుండగా ఆయన బల్ల కాళ్ళ దగ్గర కూలిపోయాడు.

“అయ్యవారు రొట్టె కక్కేసినారే!” అని ఎవరో గుసగుసలాడారు.

మణెమ్మ ఆడవాళ్ళ వరుస దాటుకొని వచ్చి భర్త తలను ఒడిలోకి తీసుకుంది. ఎముకల బరువు తప్ప ఆ తలకు మరే బరువూ లేదు.

మరునాడే బొగ్గుతో నడిచే బస్సులో మదనపల్లెకు బయలుదేరారు. ఎగుడు వచ్చినచోటల్లా బస్సు ఆగి పొగ కక్కుతుంటే దయానందం మెల్లగా అన్నాడు: “దీనికీ నా రోగమే మణెమ్మా.” ఆమె నవ్వలేదు. కిటికీ వైపు తిరిగి కూర్చుంది. ఎనిమిది నెలలు ఒంటరిగా తిన్న మనిషికి, తన భార్య కూడా ఒంటరిదేనన్న తలంపు రాకపోవచ్చునేమో. కాని ఆ వంటింట్లో రెండవ కంచం ఎదుట కూర్చున్నది ఆమె.

వారి కూతురు హన్నా మదనపల్లె మిషన్ ఆసుపత్రిలో నర్సు. తండ్రిని చూడగానే గుడ్లనీరు కుక్కుకొని, గుంజుకుపోయి డాక్టరమ్మ ఎదుట నిలిపింది. సున్నపు తేటలాంటి తెల్లమందు మింగించి ఎక్స్‌రే తీశారు. డాక్టరమ్మ ఆ పటాన్ని వెలుతురుకు పట్టి చూపింది. ఆహారనాళం పైన తోలుతిత్తిలా ఉబ్బి, అడుగున ఎలుక తోకలా సన్నబడి ఉంది.

“కంతి కాదు, భయపడకండి. ఇక్కడి కండర వలయం తెరుచుకోవడం మరిచిపోయింది” అన్నది ఆమె. “మూడు దారులున్నాయి. నోటిగుండా కడ్డీ దించి సాగదీయవచ్చు. సులువే గాని మళ్ళీ మళ్ళీ చేయాలి. మీది బాగా ముదిరింది, చిరిగినా చిరగవచ్చు. రెండవది, కడుపు కోసి ఆ వలయాన్ని మాత్రం నిలువునా చీల్చి, లోపలి పొరను తాకకుండా వదలడం. నెరవేరితే నోటితో తింటారు. పొరకు చిల్లు పడితే ప్రాణానికే ముప్పు. మూడవది, పొట్టకు రంధ్రం చేసి రబ్బరు గొట్టం పెట్టడం. గంజి అందులోనే పోయవచ్చు. మూడింటిలో దీనికే ముప్పు తక్కువ. అయితే నోటితో తినడం ఉండదు.”

“మూడవది చాలు” అన్నాడు దయానందం, ఆలోచించకుండానే.

డాక్టరమ్మ వెళ్ళిపోగానే మణెమ్మ ఎదుటికి వచ్చి నిలబడింది.

“గొట్టం యాల?”

“అదే నాకు తగిన దారి. ఎవరి ఎదుటా దగ్గనక్కరలేదు, కక్కనక్కరలేదు. గొట్టంలో పోసుకుంటాను. ఒంటరిగా ఉండడం నాకు అలవాటయిపాయ.”

“నీకు అలవాటయితే సరిపాయనా? నోటితో తిననోని పక్కన నేను యాడ కూసోని తినేది? గోడ పక్కనా? ఉపాసమని నమ్మితిని. నా సేతి కూడు నచ్చలేదేమోనని ఏడిస్తిని. ఎనిమిది నెలలు నాకు యాల సెప్పలేదు?”

“చెబితే మందు తాగమంటావు. ఇది మందుతో పోయేది కాదు. మా అమ్మ నీళ్ళడిగింది, నేను పోయలేదు. ఇది దాని తీర్పు.”

మణెమ్మ చప్పున మంచం పట్టె మీద కూలబడింది. కొంగు కొసను వేలికి చుట్టుకుంది. తరువాత తల ఎత్తకుండానే చెప్పింది.

“నేను పోసినాను.”

“ఏమి?”

“నువ్వు దొడ్లోకి పోయినావే, అప్పుడు. పక్కింటి సౌడమ్మ తొలిసికోటలో రెండాకులు తుంచుకొచ్చి, గిన్నెలో ఏసి, అత్త నోట్లో పోసినాను. మింగిందయ్యా. గుటక పడింది. నేను కండ్లారా సూసినాను. నా సెయ్యి పట్టుకోని, ‘నా కూతురా’ అనె.”

దయానందానికి పన్నెండేండ్లుగా ఆరిపోయి కనబడుతున్న ఆ తల్లి పెదవులు, ఉన్నట్టుండి తడిగా కనబడ్డాయి.

“పన్నెండేండ్లు... నాకు యాల చెప్పలేదు మణెమ్మా?”

“సంఘం ముందర నన్ను నిలబెడతావని బయం. నువ్వు అట్లాంటోడివే గదా అప్పుడు!”

అవును, నిలబెట్టి ఉండేవాడే. ఒక కప్పు కింద, ఒకరి భయంతో ఒకరు, రెండు ఏకాంతాలు కాపురం చేశాయి. ఆయన మొగాన చేతులు కప్పుకొని పసివాడిలా ఏడ్చాడు.

“పోసింది నీవు. నేను పోయలేదు గదా. అది నాతోనే ఉంటుంది.”

“ఉండనీ. దాన్ని దేవుని దగ్గర సెప్పుకో. గొంతును మాత్రం డాక్టరమ్మకు సూపించు.”

వాకిట నిలబడి అంతా విన్న హన్నా కళ్ళు తుడుచుకుంటూ లోపలికి వచ్చింది. “పాపానికి గొంతులు మూసుకునేటట్టయితే నాయనా, ఈ ఊరిలో హోటలు ఒక్కటీ నడవదు” అన్నది. ఏడుపులోనే ముగ్గురూ నవ్వారు.

దయానందం రెండవ దారికి ఒప్పుకున్నాడు. శస్త్రచికిత్సకు ముందు కాగితం తెప్పించుకుని జయరత్నానికి నాలుగు ముక్కలు రాశాడు. తాను చేసింది ఉపవాసం కాదనీ, రోగమనీ, వారి మెప్పు చాటున దాగుకున్నాననీ, ఈ ఉత్తరాన్ని సంఘంలో చదివి వినిపించమనీ. కడపట తన పేరు పూర్తిగా రాసి సంతకం పెట్టాడు.

కత్తి తన పని చేసింది. పొర చిరగలేదు. మూడు దినాలు జ్వరం తగిలి భయపెట్టి పోయింది. కొలతకొలతగా నీళ్ళు, పాలు, జావ. పదునాలుగవ నాటి మధ్యాహ్నం మెత్తగా పిసికిన మజ్జిగన్నం పెట్టవచ్చునని డాక్టరమ్మ చెప్పింది.

ఆసుపత్రి వెనుక వసారాలో రోగుల బంధువులు వండుకు తినే చోట ఇద్దరూ ఎదురెదురుగా కూర్చున్నారు. మొదటి ముద్ద నోట పెట్టుకొని ఆయన కళ్ళు మూసుకున్నాడు. దిగుతున్న దారి పొడవునా దాన్ని వెంబడించాడు. ఆ గడియ దగ్గర అది క్షణం ఆగి, జారింది.

“దిగిందా?” అన్నది మణెమ్మ.

ఆయన తల ఊపాడు.

ఒక్కొక్క ముద్దకూ ఆగుతూ ఆయన తింటుంటే పొద్దు వాలసాగింది. చుట్టుపక్కలవాళ్ళు లేచి వెళ్ళిపోయారు, పొయ్యిలు చల్లారాయి. మణెమ్మ కంచం ఎప్పుడో ఖాళీ అయింది.

“నీ చెయ్యి ఎండిపోతాండాది. లేచి కడుక్కో పో మణెమ్మా. నాకింకా చాలా పొద్దు పడుతుంది.”

“పడనీ” అన్నది మణెమ్మ.

మెతుకులు ఎండి తెల్లబడిన కుడిచేతిని ఒడిలో వెల్లకిలా పెట్టుకుని, ఆయన కంచం ఖాళీ అయ్యేదాకా ఆమె లేవలేదు.