గోడకు రెండు దెబ్బలు

కోడలికి అన్నిటికన్నా పెద్ద భయం ఒకటే. తను పనిలో ఉన్నప్పుడు పాపకు ఏదైనా జరిగితే, ఏం జరిగిందో చెప్పే మనిషి ఇంట్లో లేరు. ఏడాదిన్నర పాపకు మాటలింకా రాలేదు. పాపను చూసుకునే అత్తగారికి, కిందటేడు జబ్బుపడి లేచినప్పటి నుంచి పేర్లన్నీ పోయాయి. మనుషులైనా గిన్నెలైనా ఆవిడ నోట అది, ఇది, వాడు, వాళ్లు, అంతే. కోడలిని పిలిచే "అమ్మాయ్" అన్న మాట ఒక్కటే ఎలాగో మిగిలింది.

మొదట్లో అందరూ నవ్వుకునేవారు. మా అమ్మ మాటకి ఇంటిల్లిపాదీ కూర్చుని అర్థం వెతకాలి అనేవాడు కొడుకు. "దాన్ని దానిమీద వెయ్యి" అంటే మూత గిన్నె మీదో, దుప్పటి పాప మీదో చూసి తెలుసుకోవాలి. చాలావరకు తెలిసిపోయేది కూడా.

ఆ రోజు కోడలు ఎప్పటిలాగే ఐదింటికి లేచి నీళ్లు పట్టింది, పాలు కాచింది, టీ గ్లాసు తెచ్చి అత్తగారి చేతికిచ్చింది. ఆవిడ తాగకుండా అడిగింది.

"అది లేచిందా?"

వరుసగా ఐదో రోజు ఇదే మాట. నాలుగు రోజులు దిగమింగుకుంది గానీ ఈసారి కోడలు ఊరుకోలేకపోయింది. గబగబా వెళ్లి, అద్దం ముందు గడ్డం గీసుకుంటున్న భర్త పక్కన నిలబడింది.

"అత్తయ్యని కొన్నాళ్లు మీ అక్క దగ్గర ఉంచండి."

అతను రేజరు దించాడు. "పొద్దున్నే ఏమైంది?"

"ఎదురుగా నిలబడి టీ ఇస్తుంటే, అది లేచిందా అంటున్నారు. నేను లేచేసరికి ఈ వీధిలో కుక్క కూడా లేవదు."

"నిన్నేనని నీకెవరు చెప్పారు?"

"ఇంకెవరున్నారండీ ఈ ఇంట్లో? పాప లేచి ఆవిడ ఎదురుగానే ఆడుకుంటోంది. రేపు అది పడింది అంటారు. గిన్నె పడిందనుకోవాలా, పిల్ల పడిందనుకోవాలా నేను?"

అమ్మ వెళ్లిపోతే పాపను చూసేదెవరని అతను అడిగాడు. నువ్వు పని మానేస్తావా అన్నాడు. కోడలు పనిచేసేది బట్టలుతికే కంపెనీలో. ఎనిమిదితో చదువు ఆగిపోయిన తనకు ఇంకో పని ఎవరిస్తారు? మానేస్తానని అనలేక, మాననని అనలేక, కళ్లు తుడుచుకుని టిఫిన్ బాక్సు సంచిలో పెట్టుకుంది.

గడప దాటబోతుంటే వెనక నుంచి మళ్లీ అదే మాట. ఈసారి గొంతులో వణుకుంది.

కోడలు తిరిగి చూసింది. కంపెనీలో యంత్రాల హోరుకి సగం మాటలు వినపడవు. "దాన్ని ముందు కానివ్వు" అని మేస్త్రీ అంటే, దేన్ని అని ఎవరూ అడగరు. ఆయన చూపు ఏ మూట మీదుంటే అదే. రోజూ పదిగంటలు చేసే ఆ పని ఇంట్లో తను ఒక్కసారీ చేయలేదని ఆ క్షణాన తట్టింది. మాట వింది, మండిపడింది, అత్తగారు ఎటు చూస్తున్నారో చూడలేదు.

అత్తగారి చూపు తన మీద లేదు. ఉయ్యాల వెనకాల గోడ మీద ఉంది.

పాప చెంచా పట్టుకుని తప్పటడుగులతో ఆ గోడ దగ్గరికి వెళ్లింది. రెండు దెబ్బలు కొట్టింది. చెవి ఆనించి, పెద్దమనిషిలా కాసేపు ఆగింది. నానమ్మ వైపు తిరిగి చేతులు తిప్పింది, ఏమీ లేదన్నట్టు.

కోడలి సంచి జారిపోయింది.

అయిదు రోజుల కిందటిదాకా అత్తగారి మంచం ఆ గోడకే ఉండేది. తెల్లవారుతూనే అటునుంచి రెండు చప్పుళ్లు, ఇటునుంచి రెండు. పాప ఉలిక్కిపడి లేస్తోందని విసుక్కుని, ఇటునుంచి ఇక కొట్టొద్దని చెప్పి, తనే మంచం వెనక గదిలోకి జరిపింది. గోడకవతల టైలరమ్మ ఒంటరిగా ఉంటుంది. ఇద్దరు ముసలాళ్లు లేచామని ఒకరికొకరు చెప్పుకునే కబురు అది. ఆ ఇంట్లో అది తెలిసింది నానమ్మకి కాక పాపకొక్కదానికే.

కోడలు గోడకు చెవి ఆనించింది. ఏమీ లేదు. తర్వాత నేల మీద ఏదో ఈడ్చినట్టు సన్నని చప్పుడు.

"ఏమండీ, టైలరమ్మగారి తలుపు తియ్యాలి. తొందరగా."

చెంపకి సగం నురగతోనే అతను గడియ విరగ్గొట్టాడు. మంచానికీ తలుపుకీ మధ్య టైలరమ్మ పడి ఉంది. కాలు కింద మడతపడింది. చేతిలో గోడకు కొడదామని పట్టుకున్న స్టీలు గ్లాసు; గోడ దాకా చేయి అందలేదు. కోడలు తల ఒళ్లోకి తీసుకోగానే ఆవిడ అడిగిన మొదటి మాట,

"అది లేచిందా? ఐదు రోజులైందమ్మా పలకడం లేదు. చూసొద్దామని చీకట్లో లేచాను."

ఎవరని కోడలు అడగలేదు.

"లేచారండీ. మీకోసం టీ కూడా తాగకుండా కూర్చున్నారు" అంది, ఏడుపు ఆపుకోలేక.

టైలరమ్మ కాలికి కట్టు కట్టించుకుని వారానికి ఇంటికొచ్చింది. ఈలోగా కోడలు మంచాన్ని తనే ఈడ్చి మళ్లీ ఆ గోడకు చేర్చింది. తప్పు నాదత్తయ్యా అని కాళ్ల దగ్గర కూర్చుంటే, ఆవిడ తల నిమిరి, "అమ్మాయ్" అంది. ఆ తర్వాత మాట దొరకలేదు. కోడలు వెతకమని అడగలేదు. ఆడపడుచు దగ్గరికి పంపే మాట మళ్లీ ఎత్తలేదు.

ఇప్పుడు తెల్లవారుతూనే అటు రెండు, ఇటు రెండు. తర్వాత చెంచాతో చిన్నవి ఇంకో రెండు.

ఇది చదివిన వాళ్లను ఒకటే అడగాలని ఉంది. మీ గోడకవతల ఒంటరిగా ఎవరైనా ఉంటే, రోజూ వినిపించే చప్పుడు ఈమధ్య వినిపించకపోతే, ఒక్కసారి లేచి వెళ్లి చూసి రండి.