ఎండిన బోరు, వెచ్చని గోడ

విదేశీ ఓడరేవులో వెల్డరు యేసుబాబు ఆరో అంతస్తు నుంచి పడి చనిపోయాడు. కాలు జారిందని కంపెనీ రాసుకుంది. అంతకు ముందు సాయంత్రం ఒక బోర్‌వెల్ కంపెనీ వెబ్‌సైట్‌లో ‘మా సంతోషకరమైన కస్టమర్లు’ అనే పేజీలో అతని ఫొటో వెలిసింది. యేసుబాబు జన్మలో బోరు వేయించినవాడు కాదు. అతను గూఢచారి, మన మనిషి.

కామారెడ్డిలో ఎరువుల దుకాణం మేడ మీద చీఫ్ స్వామిదాసు కిటికీ మూశాడు.

“తర్వాత హరిచంద్,” అన్నాడు.

ఏజెంట్ సునీల కుర్చీలోంచి లేచింది. హరిచంద్ ఎల్లారెడ్డి పక్క తండావాడు. యేసుబాబు పోయిన ఆ దేశంలోనే లారీ నడుపుతూ, ఆయుధాలు దొంగచాటుగా తరలించే ఒక ముఠా పెట్టెల జాడ చెబుతున్నాడు. ఆ పనికి అతణ్ని ఒప్పించింది ఆమే. ఇప్పుడు ఎడారి దారిలో ఉన్నాడు, ఫోను అందదు. రేవు గేటు దగ్గర హంతకులు కాచుకుని ఉన్నారు. వాళ్లకు మనిషి ముఖం తెలియదు. ఇవాళ పొద్దుగూకేసరికి సైట్లో ఫొటో పడితే తెలుస్తుంది. ఎవరి ఫొటో పడితే వాళ్లను చంపాలి, అదే ముఠా ఆజ్ఞ. ఫోన్లు లేవు, మెసేజీలు లేవు. అందరూ చూసే గోడ మీద అంటించిన బొమ్మకు సాక్ష్యమేముంది?

సైటు మూయించరాదా అని సునీల అడిగింది.

“ఎక్కడున్నదో తెలిస్తే గదా. అందరు క్లౌడు, క్లౌడు అంటరు. మొగులు మీద ఏం లేదు సునీలా. సైటంటే ఒక మిషన్ల దాచిన ఫైళ్లు. మనం పేరు కొడితే అది ఏ మిషన్ల ఉన్నదో అడ్రసు దొరుకుతది. ఆ మిషన్ పేజీ తీసి పంపుతది, గంతే. దానికో రూము గావాలె, తీగ గావాలె, రాత్రీ పగలూ కరెంటు గావాలె.”

మామూలు వాళ్లయితే పెద్ద డేటా సెంటర్లలో జాగా కిరాయికి తీసుకుంటారు. అక్కడ గుర్తింపు అడుగుతారు, పోలీసులు వస్తే తలుపు తీస్తారు. ఈ ముఠా సొంత సర్వర్ పెట్టుకుంది. అడ్రసు నాలుగు దేశాలు తిరిగి తిరిగి ఎల్లారెడ్డి ఫైబర్ లైన్ దగ్గర ఆగిందని స్వామిదాసు వివరించాడు. అక్కడి నుంచి ఏ పొలంలోకి పోయిందో తెలియదు. పొలం బోర్లకు ఉచిత కరెంటు, మీటరు లేదు, అడిగేవాడు లేడు.

చెప్పగలిగింది సింధూజ ఒక్కతే. నల్ల కళ్లద్దాలు, ఎర్ర స్కూటీ, ముఠాకు ఆ సైటు కట్టింది ఆమే. వాళ్ల గుట్లు మనకు అమ్ముతుంది. మనవి వాళ్లకు అమ్మదన్న నమ్మకం లేదు. వారం నుంచి ఆమె ఉలుకూ పలుకూ లేదు.

మధ్యాహ్నానికి ఎల్లారెడ్డి పొలాల మధ్య ఒక గిన్నెలమ్మి తిరుగుతోంది. నెత్తిన స్టీలు సామాన్ల గంప. ఊడిన వెంట్రుకలిస్తే గిన్నెలిస్తుంది. సునీల వేసిన ఆ వేషానికి ఏ వాకిలైనా తెరుచుకుంటుంది. సర్వర్ ఎప్పుడూ వేడి కక్కుతుంది గనక టిఫిన్ డబ్బాలో వేడిని పసిగట్టే స్కానర్ ఉంది. పాడి బర్రెలను, ఇటుక బట్టీలను, రైస్ మిల్లు బాయిలర్‌ను అది బ్రహ్మాండంగా పట్టించింది.

నాటు వేసి గట్టెక్కిన ఒక మనిషి తడి చీర పిండుకుంటోంది. సునీల గుర్తుపట్టింది. హరిచంద్ భార్య దుర్గి. చలికి వణుకుతున్నావు చెల్లె అని మాట కలిపింది.

“అగో ఆ మోటరు రూం గోడకు ఆరేస్త అక్కా. బోరు ఎప్పుడో ఎండె. పట్నపోళ్లు కొన్నరు. దున్నరు, నాటెయ్యరు. గోడ మాత్రం పొయ్యి లెక్క ఎచ్చగుంటది.”

సునీల గంప గట్టున దించింది.

గది తలుపు నెట్టగానే వేడిగాలి ముఖాన కొట్టింది. ఫ్యాన్ల రొద. నల్లటి పెట్టెలో పచ్చ దీపాలు. వాటి ముందు సింధూజ, చేతిలో పిస్టల్.

“గిన్నెకు చిల్లు పడ్డది,” అంది సునీల.

“మాటేసేటోడు సచ్చిండు.”

కోడ్‌కు జవాబు సరిగ్గానే వచ్చింది. పిస్టల్ మాత్రం దిగలేదు. సునీల చెయ్యి మెయిన్ స్విచ్ మీదికి పోయింది.

“గుంజకు,” అంది సింధూజ. “ఇది ఆగితే బయటి దేశంల ఉన్న కాపీ మిషన్ లేస్తది. ఫొటో అండ్ల ఆల్రెడీ పెట్టిన్రు, పొద్దుగూకంగనే పేజీల కనవడతది. నేను ఇండ్ల ఫొటో మారిస్తే అండ్ల గూడ మారతది. మారేదాక ఇది బతకాలె.”

“నిన్నెట్ల నమ్మాలె?”

“నమ్మకు. నీ మనిషి, నీ ఇష్టం.”

సునీల కళ్లకు యేసుబాబు ముఖం కట్టింది. స్విచ్ మీది చెయ్యి తీసింది. సింధూజ పిస్టల్ పక్కన పెట్టి కీబోర్డ్ అందుకుంది.

కాపీ సగమైనా కాలేదు. లైన్ ట్రిప్పై, మళ్లీ వచ్చింది. ఆటోస్టార్టర్లు పెట్టిన మోటార్లన్నీ ఒక్కసారే లేచాయి. ఆ లోడుకు ట్రాన్స్‌ఫార్మర్ దగ్గర ఫ్యూజు ఠప్పుమంది. సర్వర్ బ్యాటరీ మీదికి పోయి కీచుమనసాగింది. పాత బ్యాటరీ, ఎక్కువసేపు ఆగదంది సింధూజ.

సునీల పొలం గట్ల మీద పరుగెత్తింది. ట్రాన్స్‌ఫార్మర్ కింద దుర్గి నిలబడి ఉంది, తన మడికి నీళ్లు ఆగిపోయాయని. లైన్‌మన్ రేపుగానీ రాడట.

“ఆ హ్యాండిల్ కిందికి గుంజి పట్టుకో చెల్లె, ఇడిస్తే కరెంటొస్తది. ఫ్యూజు తీగ నేను కడత.”

“గిన్నెలమ్ముకునేదానివి, నీకెందుకక్కా? మొన్న మా తండల దేవీసింగ్ బాపు గిట్లనే ఫ్యూజు కడుతుంటె కాలిపోయె.”

సునీల ఫ్యూజు డబ్బా మూత తీసింది. హరిచంద్ కోసమని చెప్పకూడదు. దుర్గి ఆమె ముఖంలోకి చూసి కొంగు నడుముకు దోపుకుంది.

“నువ్వు కట్టుడు అయ్యేదాక ఇడువ. కట్టు.”

సునీల కట్టసాగింది. తీగ రెండుసార్లు జారింది. మూడోసారి బిగిసింది. ఆమె దూరం జరిగాక దుర్గి హ్యాండిల్ ఎత్తింది. ట్రాన్స్‌ఫార్మర్ గుర్రుమంది.

సునీల గది చేరేసరికి బ్యాటరీ దీపం ఎర్రగా ఉంది. కరెంటు ఆఖరి కీచుకు అందుకుందన్నమాట. తెర మీద కాపీ పూర్తయింది. బయట సూర్యుడు గుట్ట వెనక్కి జారాడు, పేజీ తెరుచుకుంది. సంతోషకరమైన కస్టమర్ల వరసలో హరిచంద్ లేడు. సూటు వేసుకున్న ఒక లావాటి మనిషి నవ్వుతున్నాడు. అతను ముఠా నాయకుడు, ఉండేది ఆ రేవులోనే. జీతమిచ్చేవాడి ముఖం ఆ హంతకులు ఎన్నడూ చూడలేదు.

సింధూజ లేదు, స్కూటీ లేదు. ఆమె ఎవరి పక్షమో ఇప్పటికీ తెలియదు. ఆ నవ్వుతున్న ముఖానికి రేవులో ఏం జరగబోతోందో మాత్రం సునీలకు తెలుసు. ఏం చేసినా యేసుబాబు రాడు. మనసు తేలిక కాలేదు.

చీకటి పడ్డాక తండాలో దుర్గి ఫోను మోగింది. ఎడారి దాటి, గేటు దాటి హరిచంద్ గది చేరుకున్నాడు. దారంతా ఇసుక, నడుం పట్టేసిందని చెప్పుకొచ్చాడు. వాకిట్లో గంప సర్దుకుంటున్న సునీల కళ్లు మూసుకుని విన్నది.

“నీకేంది,” అంది దుర్గి ఫోన్లో మొగుడితో. “ఏసీ బండ్ల కూసొని తిరుగుతవ్. పానం మీదికి వచ్చుడంటే ఏందో నీకేమెరుక?”