దేవుడికో పిడికెడు

"కళ్ళు పైకి పెట్టండి. అబ్బా, నన్ను కాదండీ, పైకి! ఆ ఫ్యాన్ వైపు చూడండి."

స్తెఫను ఫ్యాన్ వైపు చూశాడు. ఒక్క క్షణమే. ఒక అమ్మాయి అంత దగ్గరగా నిలబడి, బొటనవేలితో తన కింది రెప్ప లాగి పట్టుకుని, కంట్లోకి తొంగి చూస్తుంటే ఫ్యాన్ వైపు ఎవడు మాత్రం చూస్తాడు?

"చూశారా అక్కా, లోపల ఎంత ఎర్రగా ఉందో! ఒంట్లో రక్తం బాగుంటే ఇలా ఉంటుంది," అంది ఆ అమ్మాయి వెనక్కి తిరిగి.

చర్చి వరండాలో చాపల మీద కూర్చున్న గర్భిణులు కొంగులు నోటికి అడ్డం పెట్టుకుని నవ్వారు. జగ్గయ్యపేట దగ్గర సిమెంట్ ఫ్యాక్టరీలో డ్యూటీ దిగి, బండి ఆపి, ఇంట్లోకి పోబోతున్నవాణ్ణి "ఏవండీ హెల్మెట్ గారూ, ఒక్క నిమిషం" అని పిలిచి మరీ పట్టుకుంది. పేరైనా అడగలేదు. అడిగింది వేరే.

"మీరు రోజూ ఏం తింటారు?"

"అమ్మ పెట్టింది."

"అంటే ఏంటి?"

"కంచంలో ఉన్నదండి."

"అదేంటో చూడరా?"

"తినేటప్పుడు ఫోన్ చూస్తా."

ఆమె అతన్ని వింత జంతువుని చూసినట్టు చూసింది. "మన అయ్యగారి అబ్బాయి మేడం," అని ఏడో నెల కడుపుతో ఉన్న క్రిస్టీ చెప్పబట్టి సరిపోయింది గానీ, లేకపోతే ఆ పరీక్ష ఇంకెంతసేపు సాగేదో! సాగితే బాగుండునని స్తెఫనుకి అనిపించిన మాట కూడా దాచడమెందుకు?

ఆ అమ్మాయి పేరు జెరూషా. సొంతూరు జగ్గయ్యపేట. నందిగామలో ఒక క్రైస్తవ ట్రస్టు ఉంది. చుట్టుపక్కల పల్లెల్లో కడుపుతో ఉన్నవాళ్ళకి పోషకాహారం ఇస్తుంది. రాగులు, జొన్నలు, వేరుశనగ, మునగాకు, బెల్లం, కాస్త శొంఠి వేసి పిండి కలుపుతారు. ఊళ్ళల్లో దాన్ని బలం పిండి అంటారు. ట్రస్టు వంటగదిలో ఆ పాళ్ళు కుదిర్చింది జెరూషాయే.

ఆ పిండి తిన్న ప్రతి ఊళ్ళోనూ ఆడవాళ్ళకి రక్తం పెరిగింది. పెనుగంచిప్రోలుకి ఆటో దూరంలో, మున్నేటి పక్కనున్న ఈ కొత్తపాలెంలో మాత్రం పెరగలేదు. నెలలు గడిచినా ఒక్కళ్ళకీ పెరగలేదు.

"వచ్చే పరీక్షలో కూడా ఇంతే ఉంటే అక్కడ సెంటర్ ఎత్తేసి చందర్లపాడు వైపు పెడదాం," అన్నారు ట్రస్టు చూసే కిషోర్‌బాబు గారు.

"ఎందుకు పెరగట్లేదో తెలుసుకోకుండా ఎలా ఎత్తేస్తారు సార్?" అంది జెరూషా. ఎందుకు, ఏమిటి, ఎలా అన్నవి లేకుండా ఆమెకి మాట రాదు. అది తెలిసే ఆయన, "అయితే నువ్వే వెళ్ళి తెలుసుకోమ్మా," అని పంపించేశారు.

మర్నాడు స్తెఫను డ్యూటీ నుంచి పెందలాడే వచ్చేశాడు. ఆ మర్నాడు కూడా. తండ్రి, పాస్టర్ శాంతయ్య గారు, కొడుకు చర్చి వైపు తరచుగా వస్తున్నందుకు దేవుణ్ణి స్తుతించారు.

"మీరు ఫ్యాక్టరీలో ఏం చేస్తారు?" అనడిగింది జెరూషా.

"ల్యాబ్‌లో ఉంటానండి. సిమెంట్ దిమ్మ చేసి, మిషన్‌లో పెట్టి విరగ్గొట్టి, ఎంత బలం వచ్చిందో చూస్తాం."

"బలం రాకపోతే?"

"కలిపామనుకున్నది నిజంగా పూర్తిగా కలిసిందా అని మొదట చూస్తాం. మీ పిండిలో తప్పు లేదు మేడం. అది లోపలికి పోతుందో లేదో చూడండి."

జెరూషా అతని వైపు మెచ్చుకోలుగా చూసింది. ఈసారి రెప్ప లాగకుండానే చూసింది. స్తెఫను ఆ సాయంత్రం బండి మీద కూనిరాగం తీస్తూ ఊరంతా రెండుసార్లు తిరిగాడు.

ఇద్దరూ కలిసి ఇల్లిల్లూ తిరగడం మొదలుపెట్టారు. ముందు అనుమానం మొగుళ్ళ మీదికి పోయింది.

"నేనా? ఆ పిండా? ఆ మునగాకు వాసనే నాకు పడదు మేడం," అన్నాడు క్రిస్టీ భర్త ఫ్రాన్సిస్. అతని మొహం చూస్తే నిజమే చెబుతున్నాడనిపించింది.

తర్వాత అత్తల మీదికి పోయింది. క్రిస్టీ అత్త ఆదెమ్మకి కోపం వచ్చింది. "కడుపుతో ఉన్నదాని తిండి మేం తింటామా అమ్మాయ్? ఏం మనుషులమనుకున్నావ్? దేవుడి సాక్షిగా చెబుతున్నా, ఆ పిండి ఒక్క మనిషికి కూడా పెట్టం."

"మరి రోజూ రెండు పిడికిళ్ళు వండి పెడుతున్నారా?"

"డబ్బాలోంచి రెండు పిడికిళ్ళు రోజూ తీస్తున్నా. ఏ పూటా తప్పలేదు."

తిన్న వెంటనే టీ తాగితే బలం ఒంటికి పట్టదు, అలా తాగుతున్నారేమో అనుకున్నారు. తాగట్లేదు. నులిపురుగులకి మాత్ర వేశారా? వేశారు. నీళ్ళు చూశారు, మాత్రలు చూశారు. అన్నీ సరిగ్గానే ఉన్నాయి. క్రిస్టీ కనురెప్ప లోపల మాత్రం తెల్లగా పాలిపోయి ఉంది.

"కాన్పు దగ్గర పడుతోంది. ఈ రక్తంతో ఎలా?" అంది జెరూషా ఆటో కోసం నిలబడి. "నా పిండి పనిచెయ్యకపోతే పోనీ, ఇంకోటి కలుపుతా. ఎందుకు పనిచెయ్యట్లేదో తెలియకపోతే ఇంకోటైనా ఎలా కలపను?"

స్తెఫనుకి ఏదైనా చెయ్యాలనిపించింది. ఏం చెయ్యాలో తెలియక, "మిరపకాయ బజ్జీ తింటారా?" అన్నాడు. ఆమె నవ్వేసింది. అదే పదివేలనుకున్నాడు.

అసలు సంగతి బయటపడ్డది వాన పుణ్యమా అని. ఆ సాయంత్రం మున్నేటి మీద నుంచి వాన ఊరి మీదికి ఒక్క ఊపున వచ్చేసింది. ఆటోలు ఆగిపోయాయి. తడిసిపోయి చర్చి మెట్ల మీద నిలబడ్డ జెరూషాని స్తెఫను తల్లి చెయ్యి పట్టుకుని ఇంట్లోకి లాక్కెళ్ళి, తువ్వాలు ఇచ్చి, కుర్చీలో కూర్చోబెట్టింది.

"కాస్త జావ తాగమ్మా, వెచ్చగా ఉంటుంది. మావాడు పొద్దునా సాయంత్రం ఇదే తాగుతాడు. మొహం చూడు, ఎలా నిగనిగలాడుతున్నాడో!"

స్తెఫను సిగ్గుపడుతూ తన గ్లాసు అందుకున్నాడు. పెళ్ళిచూపుల్లా ఉందే అనుకుని లోలోపల మురిసిపోయాడు కూడా.

జెరూషా ఒక గుక్క తాగింది. ఇంకో గుక్క తాగి ఆగిపోయింది. నాలుక మీద శొంఠి తగిలింది. దాని వెనకే మునగాకు.

"అమ్మగారూ, ఈ పిండి ఎక్కడిది?"

"సంఘం వాళ్ళిచ్చిందేనమ్మా. మన ఆడవాళ్ళు ఏది వండినా ముందు దేవుడికో పిడికెడు తీసిపెడతారు కదా, అది ఆదివారం చర్చిలో అయ్యగారికి తెచ్చిస్తారు. ఇదివరకు బియ్యమే ఉండేది. ఈ మధ్య ఎవరో రాగిపిండి కూడా పోస్తున్నారు. మంచి రుచిగా ఉంది."

ఆదెమ్మ అబద్ధం చెప్పలేదు. రోజూ రెండు పిడికిళ్ళు తీసింది. ఒకటి కోడలికి, ఒకటి దేవుడికి. ఏ మనిషికీ పెట్టలేదు. ఊళ్ళో ప్రతి ఇంట్లోనూ అదే జరిగింది. దేవుడికి తియ్యడం అంటే వాళ్ళకి ఊపిరి తియ్యడమంత మామూలు. అడిగితే చెప్పాల్సిన విషయమని ఎవరికీ తట్టలేదు.

జెరూషా గ్లాసు కింద పెట్టి లేచింది.

"ఏమైందండీ?" అన్నాడు స్తెఫను.

"మీరు ఇన్నాళ్ళూ తాగింది క్రిస్టీ రక్తం," అని వానలోకే వెళ్ళిపోయింది.

స్తెఫను చేతిలో గ్లాసు అలాగే ఉండిపోయింది. పరిశోధకుడిలా ఊరంతా తిరిగి, దొంగ ఎవరా అని ఇల్లిల్లూ వెతికితే దొంగ తనే! వెంటనే ఫోన్ చేశాడు. ఎత్తలేదు. మళ్ళీ చేశాడు. స్విచాఫ్ వచ్చింది.

తండ్రికి చెప్పినప్పుడు ఆయన వెళ్ళి పిండి మూట తెచ్చి ముందు పెట్టుకున్నారు. "వాళ్ళ నోటి దగ్గరిది తీసి మనకి పెట్టారా?" అని తల్లి ఏడ్చింది. స్తెఫనుకి రెండు బాధలు. తిన్నందుకు ఒకటి. ఆమె తనని అలాంటివాడనుకుంటున్నందుకు ఇంకొకటి. రెండోది ఎక్కువగా ఉందని తెలిసి మూడోసారి బాధపడ్డాడు.

ఆదివారం ఆరాధన అయ్యాక శాంతయ్య గారు పిండి మూట బల్ల మీద పెట్టి, ఉన్నదున్నట్టు చెప్పారు. "ఇకనుంచి బలం పిండిలో దేవుడికి తియ్యకండి. అంతా కడుపుతో ఉన్నవాళ్ళకే పెట్టండి."

ఆడవాళ్ళ వైపు నుంచి ఆదెమ్మ లేచింది. ఆవిడ కళ్ళల్లో నీళ్ళు తిరుగుతున్నాయి. "మాది దేవుడు వద్దన్నాడా అయ్యగారూ? ఆయనకి పెట్టకుండా తింటే నా కోడలికి ఒంటబడుతుందా?"

ఎన్నో ఏళ్ళుగా ఆ పిడికెడు తియ్యమని నేర్పింది శాంతయ్య గారే.

వెనక తలుపు దగ్గర జెరూషా నిలబడి ఉంది. ఆమెని చూసి ధైర్యం వచ్చిందో, ఉన్న ధైర్యం పోయి తెగింపే మిగిలిందో గానీ, స్తెఫను లేచాడు. "అత్తా, ఒకటి అడుగుతా. దేవుడికిచ్చింది ఇక దేవుడిదే కదా?"

"ఆయనదే."

"దాన్ని ఎవరికి పెట్టాలో ఆయన ఇష్టమే కదా?"

"ఆయన ఇష్టమే."

శాంతయ్య గారికి కొడుకు ఎటు పోతున్నాడో అర్థమైంది. మొహం వెలిగిపోయింది. "అయితే వినండి. పిడికెడు తియ్యడం మానకండి. రోజూ సాయంత్రం ఇక్కడికి తెచ్చివ్వండి. దేవుడి ఇంట్లోనే వండుదాం. కడుపుతో ఉన్న ప్రతి మనిషీ ఇక్కడే కూర్చుని తాగాలి. అది దేవుడు పెడుతున్నది. వద్దనడానికి ఎవరికీ హక్కు లేదు."

ఆదెమ్మ కాసేపు ఆలోచించింది. ఎక్కడా తప్పు కనపడలేదు. "మరి రోజూ వండేదెవరు?" అంది.

"తిన్నవాడే వండుతాడు," అన్నాడు స్తెఫను.

చర్చి అంతా నవ్వింది. జెరూషా మాత్రం నవ్వలేదు. చున్నీతో కళ్ళు తుడుచుకుని బయటికి వెళ్ళిపోయింది.

ఆ రోజు నుంచి ఫ్యాక్టరీలో సిమెంట్, ఊళ్ళో జావ. మొదటి వారం జావ కూడా సిమెంట్ లాగే వచ్చింది. గర్భిణులు దేవుడి మీద భక్తితో మింగారు. జెరూషా వచ్చి గరిటె తిప్పి చూసి, "ఉండలు కట్టింది. పిండి చన్నీళ్ళల్లో కలిపి పొయ్యండి," అనేది. అంతకుమించి మాట్లాడేది కాదు. అతను "సరేనండి" అనేవాడు. తనకేం తెలియదని చెప్పుకోవాలని రోజూ అనుకునేవాడు. జావ వడ్డిస్తుంటే ఆ మాట చిన్నదైపోయేది.

నెల దాటాక, పరీక్ష రోజున కిషోర్‌బాబు గారే స్వయంగా వచ్చారు. క్రిస్టీ వేలికి సూది గుచ్చి, చుక్క రక్తం మిషన్‌లో పెట్టి, జెరూషా కళ్ళు మూసుకుంది. ఎప్పుడూ అన్నీ చూడాలనుకునే మనిషికి ఆ ఒక్కటీ చూసే ధైర్యం లేకపోయింది.

"రక్తం పది దాటింది," అన్నారు కిషోర్‌బాబు గారు.

తర్వాత అందరికీ చూశారు. ఒకళ్ళకి కాస్త ఎక్కువ, ఒకళ్ళకి కాస్త తక్కువ, మొత్తానికి అందరికీ పెరిగింది. "సెంటర్ ఇక్కడే ఉంటుందమ్మా," అన్నారాయన. ఆదెమ్మ కోడల్ని పట్టుకుని స్తోత్రం స్తోత్రం అంటూ ఏడ్చేసింది.

అందరూ వెళ్ళాక స్తెఫను పెరట్లో గిన్నె తోముతున్నాడు. చినుకులు మొదలయ్యాయి. జెరూషా వచ్చి ఎదురుగా నిలబడింది.

"నాకు నిజంగా తెలియదండి," అన్నాడు తలెత్తకుండా. "కంచంలో ఏముందో నేనెప్పుడూ అడగలేదు. అదే నా తప్పు."

"మీకు తెలియదని నాకు ఆ రోజే తెలుసు."

"మరి ఇన్నాళ్ళూ ఎందుకు మాట్లాడలేదు?"

"మీకు తెలియదని తెలిసి కూడా మీ మీద అంత కోపం ఎందుకొచ్చిందో నాకు అర్థం కాలేదు. అర్థం కానిది నేను వదలను కదా. అమ్మగారి మీద రాలేదు, అయ్యగారి మీద రాలేదు. మీ మీదే ఎందుకు? ఆ వానలో ఏడుస్తూ ఎందుకెళ్ళాను? ఎంత ఆలోచించినా తేలలేదు." ఆమె ఆగింది. "చివరికి మా అమ్మని అడిగా."

స్తెఫను చేతిలో పీచు జారిపోయింది. "ఆవిడ ఏమన్నారు?"

జెరూషా మొహం తిప్పుకుంది. చెవుల దాకా ఎర్రబడింది.

"దీనికి మందు లేదుగానీ, ఆ అబ్బాయిని ఒకసారి ఇంటికి తీసుకురా, నేను చూస్తానంది."