పాత రేవు మెట్లు

చలికాలం సాయంత్రం నాలుగయ్యేసరికి ఆ ఊళ్ళో వీధులు ఖాళీ అయిపోతాయి. క్వీన్స్‌లాండ్ చెరకు తోటల మధ్య, నది ఒడ్డున, ఆస్ట్రేలియాలో తెల్లదొరలు కట్టుకున్న పాత ఊరు. డెల్మా, ఆమె అత్తగారు రోజలిండ్ ఒక మ్యాపు కాగితం పట్టుకుని, అందులోని అంకెల వరసన ఒక్కో పాత కట్టడం చూసుకుంటూ నడుస్తున్నారు. ఈ నడక రోజలిండ్ సరదా. ఆరో అంకె దగ్గరున్న చక్కెర గిడ్డంగి ఆవిడ ముత్తాతది; అప్పట్లో ఈ చెరకు తోటలూ ఆయనవే.

"గోడ మీదున్న మా ఇంటిపేరు పడాలి. నా గడ్డం కింద ముడతలు పడకూడదు," అంది రోజలిండ్.

"రెండూ ఒక్క ఫోటోలో కుదరవండీ," అని డెల్మా నవ్వుతూ తీసింది.

నిజానికి ఆ ఊరు డెల్మాకి కొత్త కాదు. వాళ్ళ అమ్మమ్మ ఏడా ఇక్కడే పుట్టింది. ఏడా తండ్రిని పసిఫిక్ దీవుల నుంచి ఓడలో ఎక్కించి, చెరకు నరకడానికి ఈ రేవులోనే దించారు. ఆ సంగతి డెల్మా పెళ్ళికి ముందు చెప్పలేదు, తర్వాతా చెప్పలేదు. ఒంటి రంగు గురించి ఎవరైనా అడిగితే "మా తాతది స్పెయిన్" అనేది. తొమ్మిదేళ్ళ కిందట అమ్మమ్మ పోయినప్పుడు, ఆఫీసు పనని ఇంట్లో అబద్ధం చెప్పి, ఒక్కతే వచ్చి గుప్పెడు మట్టి వేసి వెళ్ళింది.

"ఏడు... పాత రేవు మెట్లు," చదివింది రోజలిండ్.

నది మీద పొగమంచు లేచింది. ముందు అవతలి ఒడ్డు కనబడకుండా పోయింది. తర్వాత మడచెట్లు. ఆ తర్వాత నీళ్ళే. ఒండ్రు వాసనలో పులిసిన చెరకు రసం వాసన కలిసి ముక్కుకి తగిలింది. కింద ఎక్కడో నీళ్ళు రాతిని తడుతున్నాయి. చప్... చప్...

మూడో మెట్టు మీద ఒక ముసలామె కూర్చుని ఉంది. పూల గౌను మోకాళ్ళ దాకా తడిసి ఉంది. నవ్వుతూ తల తిప్పింది.

"వచ్చావా పిల్లా? ఎంత చిక్కిపోయావే!"

డెల్మా గుర్తుపట్టింది. ఆ గొంతు... ఆ పళ్ళ సందు... తను మట్టి వేసిన మనిషి.

"నీకు తెలుసా ఆవిడ?" రోజలిండ్ మెల్లగా అడిగింది.

అప్పుడు కూడా డెల్మాకి ముందు కలిగింది దెయ్యం భయం కాదు. అత్తగారు తమ ఇద్దరి మొహాలూ పోల్చి చూస్తుందేమోనన్న భయం.

"లేదు. ఎవరో... నన్ను చూసి ఇంకెవరో అనుకుంటోంది."

ముసలామె కోప్పడలేదు. నవ్వూ ఆపలేదు.

"పర్లేదులే," అంది గుసగుసగా. "మొదట అందరూ అలాగే అంటారు."

డెల్మా అత్తగారి మోచెయ్యి పట్టుకుని కారు దాకా లాక్కొచ్చింది. తలుపులు వేసుకున్నాక ఏడుపు ఆగలేదు.

"ఇన్నేళ్ళూ మీకు అబద్ధం చెప్పాను, రోజలిండ్. స్పెయినూ లేదు, ఏమీ లేదు. ఆవిడ మా అమ్మమ్మ. చెరకు కూలీ కూతురు. చచ్చిపోయి తొమ్మిదేళ్ళయింది. ఇవాళ మొహం మీదే... ఎవరో అన్నాను."

సిగ్గుతో తలెత్తలేకపోయింది. అత్తగారు కసురుతుందనుకుంది. కానీ ఆవిడ మెల్లగా అడిగింది.

"మరి... మిగతావాళ్ళు?"

"ఎవరు?"

"మగవాళ్ళు, చేతుల్లో చెరకు కత్తులతో. మెట్ల నిండా, నీళ్ళ దాకా కూర్చున్నారుగా. నువ్వు 'ఎవరో' అనగానే అందరూ తలలెత్తారు. నిన్ను కాదు... నన్ను చూశారు."

"నాకు అమ్మమ్మ ఒక్కతే కనిపించింది."

"మనం వచ్చేస్తుంటే లేచారు, డెల్మా."

"లేచి?"

రోజలిండ్ మెడ తిప్పలేదు. ముందున్న అద్దంలో వెనక సీటు వైపే చూస్తోంది. డెల్మా తాళంచెవి తిప్పబోయింది. చల్లటి చెయ్యి వచ్చి ఆమె వేళ్ళ మీద పడింది. అత్తగారిదే.

"బండి తియ్యకు," అంది రోజలిండ్ పెదవులు కదపకుండా. "వెనక్కి చూడకు... మెల్లగా దిగు."