పులిసిన పిండికొచ్చిన దెయ్యం

అమీర్‌పేటలో దెయ్యానికి కూడా అద్దెగది దొరకదంటారు. కానీ కోచింగ్ సెంటర్ల వెనక సందులో ఓ పాత మేడ ఉంది... దాన్ని మాత్రం ఏదో పట్టుకుంది. సందు మొదట్లో బోర్డుల వెలుతురు పట్టపగల్లా ఉంటుంది. ఆ గేటు దగ్గరికొచ్చేసరికి చీకటే. దీపాలు పెట్టే వేళ దాటితే లోపల ఎవరో మూలుగుతారు. నేల మీద ఏదో ఈడుస్తారు. అద్దెకు చూడ్డానికొచ్చిన వాళ్లు గేటు దగ్గర్నుంచే వెనక్కి తిరుగుతారు.

నాకీ సంగతి చెప్పింది జిరాక్సు షాపు దినేశ్. చెప్పినదాంట్లో కొంత కోతలున్నా, అప్పుడు తనూ అక్కడే ఉన్నాడు.

ఆ గేటుకు ఎదురుగానే యేసురాజు, తబితల దోసెల బండి. బాపట్ల నుంచి వచ్చిన మొగుడూ పెళ్లాలకు అదే బతుకు. మూలుగు మొదలయ్యాక హాస్టల్ పిల్లలు అటు రావడం మానేశారు. రోజూ సగం పిండి పులిసిపోతోంది.

"ఇంక బండిని యూసుఫ్‌గూడకి తోసుకుపోదామండీ," అంది తబిత.

"అలవాటైన చోటు వదిలి ఎక్కడికీ పోను." యేసురాజు బండి చక్రానికి రాయి అడ్డం పెట్టాడు. వెళ్లి గేటుకు చెవి ఆనించాడు. చాలాసేపు విన్నాడు.

"దెయ్యం కాదే... పంది."

దినేశ్ నమ్మలేదు. "గీడ పందేంది అన్న? గీ సందుల కుక్క పండుకుందామంటెనే జాగ లేదు."

"మా వేరుశనగ చేలో పడితే వలేసి పట్టేవాళ్లం. ఆ గురక నాకు తెలీదా?"

తబిత మొహం ఇంకా పాలిపోయింది. "పందైతే మరీ భయం. బైబిల్లో ప్రభువు వెళ్లగొట్టిన దెయ్యాలు పందుల్లోనే కదా దూరాయి. నీ పేరేంటని ప్రభువు అడిగితే... మేం చాలామందిమి అన్నాయట."

"ఆ సంగతి పాస్టర్ గారు చూసుకుంటారు. ముందు నాకు వల కావాలి."

అమీర్‌పేటలో పందుల వల ఎక్కడ దొరుకుతుంది? దినేశ్ తన షాపు వెనక నుంచి పాత ఫ్లెక్సీ ఒకటి లాక్కొచ్చాడు. దాని మీద 'వంద శాతం ఉద్యోగం గ్యారంటీ' అని బారెడేసి అక్షరాలు.

పులిసిన పిండి బకెట్‌ను గేటు లోపల పెట్టారు. ఫ్లెక్సీ చెరో కొసా పట్టుకుని గోడకు నక్కారు.

మూలుగు ఆగింది.

ఈడుస్తున్న చప్పుడు... దగ్గరికి... ఇంకా దగ్గరికి—

"అన్న... నాకు ఇంటికాడ జర పనున్నది," దినేశ్ గొణిగాడు.

"కొస వదిలావంటే ముందు నిన్నే చుడతా."

చీకట్లోంచి నల్లటి ముట్టె వచ్చి బకెట్‌లో దూరింది. యేసురాజు దూకాడు. బకెట్ దొర్లింది, పిండి ఎగిరింది, దినేశ్ పడ్డాడు. ఆ అరుపుల్లో ఏది పందిదో ఏది దినేశ్‌దో తబితకు అంతుపట్టలేదు. చివరికి బండి తాడు బిగిసింది. ఫ్లెక్సీలోంచి ముట్టె ఒక్కటే బయటికుంది. దాని కింద 'గ్యారంటీ'.

యేసురాజు మీసాల మీది పిండి తుడుచుకున్నాడు. "చూశావా నీ దెయ్యాన్ని? ఉండు, నువ్వు చెప్పినట్టే అడుగుతా." పంది చెవి దగ్గర వంగాడు. "నీ పేరేంటి?"

పంది కూడా గురక ఆపింది.

అప్పుడు... మేడ మీద నుంచి, చీకట్లోంచి, సన్నటి గొంతు—

"అభిలాష్... అన్న."

తబిత చేతిలో అట్లకాడ జారిపడింది.

"ఒ... ఒక్కడివేనా?" యేసురాజు పంది వెనక నక్కి అడిగాడు.

"లేదన్న... మస్తు మందిమున్నం."

దినేశ్ అప్పటికే గేటు బయట ఉన్నాడు.

మెట్ల మీద ఓ ఫోను లైటు వెలిగింది. దాని వెనక ఇంకోటి. ఆ వెనక ఇంకోటి. బక్క మొహాలు, చంకల్లో పుస్తకాలు. హాస్టల్ కిరాయి కట్టలేక మేడ మీద గుట్టుగా చేరిన కోచింగ్ పిల్లలు. వాళ్లు తిని కిటికీలోంచి విసిరిన పొట్లాల వాసన పట్టుకుని, ఎక్కడి పందో నాలా వెంట వచ్చి కింద కాపురం పెట్టి, ఆ పొట్లాల సంచులే నేల మీద ఈడుస్తోంది.

"కింద దయ్యమున్నదని మాకు సుత ఎర్కే అన్న," అన్నాడు అభిలాష్. "కిరాయి లేదు గదా అని భయపడుకుంటనే ఉన్నం. పొద్దుగూకితె దిగుతలేం. రాత్రి తిండి బందైంది."

తబిత అట్లకాడ తీసి కడిగింది. పెనం కింద మంట పెట్టింది. మెట్ల మీద లైట్లు ఇంకా దిగుతూనే ఉన్నాయి. ఆమె పిండి గిన్నె మూత తీసి చూసి, మొగుడి వైపు కోపంగా తిరిగింది.

"ఆ బకెట్ కాస్తా పందికి పోశారు. ఇంతమందికి ఇప్పుడు పిండి చాలొద్దూ?"